27 ఫ్రెంచ్ గొట్టం, 36 రోజులు: కృత్రిమ ఊపిరితిత్తిని రక్తనాళాలకు కలిపి ఉంచిన ఒక కేసు

ఇది ఏ ఒక్క రోగి ఫైలూ కాదు. ఊపిరితిత్తి మార్పిడి కోసం ఎక్మో (రక్తాన్ని బయటికి లాగి ఆక్సిజన్ ఎక్కించి తిరిగి పంపే యంత్రం) మీద వారాల తరబడి ఎదురుచూసేవాళ్లలో మళ్లీ మళ్లీ వచ్చే చిక్కులను ఒకే మంచం మీదికి చేర్చి కట్టిన శిక్షణ కేసు. అంకెలన్నీ ఐసీయూలో రోజూ కనిపించే పరిధిలోవే.

రోగి 41 ఏళ్ల పురుషుడు, బరువు 58 కిలోలు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ఫైబ్రోసిస్ జబ్బు. మార్పిడి కోసం అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదై ఉంది. జలుబుతో మొదలైన ఇన్ఫెక్షన్ నాలుగు రోజుల్లో వెంటిలేటర్ దాకా తెచ్చింది. నూటికి నూరు శాతం ఆక్సిజన్ ఇస్తున్నా ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం 52, కార్బన్ డయాక్సైడ్ 92, పీహెచ్ 7.16. ఎకోలో (గుండె అల్ట్రాసౌండ్‌లో) కుడి జఠరిక కొంచెం ఉబ్బి ఉంది కానీ బాగానే కొట్టుకుంటోంది.

ఎక్మో పెట్టాలా వద్దా అన్నది ఇక్కడ పెద్ద ప్రశ్న కాదు. ఎన్నాళ్లు ఉంచాలి అన్నదే అసలు ప్రశ్న. మామూలు న్యుమోనియా అయితే సొంత ఊపిరితిత్తులు కోలుకునేదాకా ఒకటి రెండు వారాలు గడిస్తే చాలు, ఏ సిర దొరికితే ఆ సిరలో పెట్టేయొచ్చు. ఈయన ఊపిరితిత్తులు కోలుకోవు. దాత దొరికేదాకా నడవాలి, అది రేపు కావచ్చు, రెండు నెలలు కావచ్చు. రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే ఆక్సిజనేటర్ పాడైతే నిమిషంలో మార్చేస్తాం. పంపు ఆగితే పక్కనే చేతి పంపు ఉంటుంది. నాళానికి అలాంటి స్పేర్ ఉండదు. మనిషికి కుడి మెడ సిర ఒక్కటే.

అందుకే మొదటి రాత్రి కుడి ఇంటర్నల్ జ్యుగ్యులర్‌ను, అంటే ఆ మెడ సిరను, ముట్టుకోకుండా రెండు తొడల నుంచీ పెట్టారు. కుడి తొడ సిర నుంచి 25 ఫ్రెంచ్ (గొట్టం మందపు కొలత) లాగే గొట్టం, కొస కాలేయం వెనక కింది మహాసిరలో ఉంటుంది. ఎడమ తొడ నుంచి 21 ఫ్రెంచ్ పంపే గొట్టం, కొస కుడి కర్ణికలో. రెండు కొసల మధ్య కనీసం 8–10 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. లేకపోతే ఆక్సిజన్ ఎక్కించి పంపిన రక్తాన్నే పంపు మళ్లీ లాగేసుకుంటుంది. కిలోకు నిమిషానికి 60–80 మిల్లీలీటర్ల లెక్కన ఈయనకు 3.5 నుంచి 4.6 లీటర్ల ప్రవాహం కావాలి. 4 లీటర్ల దగ్గర లాగే వైపు పీడనం మైనస్ 60. మంచి ఆరంభమే.

ఒక్క పొరపాటు మాత్రం అప్పటికే జరిగిపోయింది. రోగిని ఇక్కడికి పంపిన ఆసుపత్రిలో మందుల కోసం మామూలు సెంట్రల్ లైను కుడి జ్యుగ్యులర్‌లోనే వేశారు. ఆ అత్యవసరంలో ఎవరైనా చేసే పనే అది, అక్కడ ఎవరినీ తప్పుపట్టలేం. కానీ మార్పిడి జాబితాలో ఉన్న మనిషికి ఈ సిరను దాచిపెట్టాలన్న మాట ఆయన కేస్ షీటు మొదటి పేజీలోనే రాసి ఉంటే బాగుండేది. నాలుగో రోజు అల్ట్రాసౌండ్‌లో ఆ లైను పక్కనే సన్నటి గడ్డ కనిపించింది. సిర వెడల్పు 13 మిల్లీమీటర్లు. గడ్డ మూడు మిల్లీమీటర్లు తినేసింది. మందుల లైనును ఎడమ సబ్‌క్లేవియన్‌కు (కాలర్ ఎముక కింది సిరకు) మార్చారు.

మెడలోకి మారడం

నాలుగో రోజుకు ఇన్ఫెక్షన్ తగ్గింది, రోగి మెలకువగా ఉన్నాడు. వెంటిలేటర్ తీసేసి కూర్చోబెట్టి నడిపించాలి. మంచానికి అతుక్కుపోయిన మనిషి కండరం కరిగిపోతే మార్పిడికే పనికిరాకుండా పోతాడు. తొడ గొట్టాలతో నడిపించేవాళ్లూ ఉన్నారు. కానీ తుంటి వంగిన ప్రతిసారీ గొట్టం మడత పడుతుంది, గజ్జల్లో శుభ్రంగా ఉంచడం కష్టం. ఎక్కువ రోజుల పనికి రెండు దారుల కాన్యులా (నాళంలోకి దూర్చే గొట్టం) మేలు.

దీని రూపకల్పన అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయంలో జ్విషెన్‌బెర్గర్, వాంగ్ చేశారు. అవలాన్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. మెడ నుంచి దిగే ఒకే గొట్టం. అందులో ఒక దారి పై మహాసిర నుంచీ కింది మహాసిర నుంచీ రక్తాన్ని లాగుతుంది. రెండో దారి మధ్యలో ఒక కిటికీ గుండా, కుడి కర్ణికకూ కుడి జఠరికకూ మధ్య ఉండే ట్రైకస్పిడ్ కవాటం వైపు చిమ్ముతుంది. కిటికీ కవాటానికి ఎదురుగా ఉంటేనే దీని పనితనం. పక్కకు తిరిగితే ఇంత ఖరీదైన గొట్టమూ దండగే.

సైజు ఎంపిక లెక్క సులువు: ఫ్రెంచ్‌ను మూడుతో భాగిస్తే మిల్లీమీటర్లు. 27 అంటే 9, 31 అంటే 10.3. వ్యాసార్ధం నాలుగో ఘాతంతో నిరోధం తగ్గుతుంది కనుక కాగితం మీద 31 గొట్టానికి 27 కంటే నిరోధం దాదాపు 1.7 రెట్లు తక్కువ. అసలు గొట్టంలో లోపలి దారులు గుండ్రంగా ఉండవు, ప్రవాహమూ సాఫీగా ఉండదు, కనుక అంత లాభం రాదు. 58 కిలోల మనిషికి 4 లీటర్లు 27తోనే వస్తాయి. గడ్డ పోగా 10 మిల్లీమీటర్లే మిగిలిన సిరలో 31 దింపితే గోడను ఒరుసుకుంటూ పోతుంది. పెట్టేటప్పుడు పెద్దది కావాలని, తీసేటప్పుడు చిన్నదైతే బాగుండేదని అందరికీ అనిపిస్తుంది. 27 తీసుకున్నారు.

పని క్యాథ్‌ల్యాబ్‌లో, ఫ్లోరోస్కోపీ (కదిలే ఎక్స్‌రే), అన్నవాహిక ఎకో రెండూ పెట్టుకుని చేయాలి. ఎకో ఒక్కదాంతో చేసేయొచ్చని అనేవాళ్లున్నారు. గొట్టానికి దారి చూపే తీగ ఎక్కడికి పోతోందో ప్రతి క్షణం కనబడకపోతే ఈ పనికి దిగకూడదు. ప్రమాదమంతా తీగలోనే ఉంది. గట్టి తీగ పై మహాసిర నుంచి కర్ణిక గుండా నేరుగా కింది మహాసిరలోకి దిగాలి. అది జఠరికలోకి వంకర తిరిగి ఉన్నట్టు గమనించకుండా దాని మీదుగా డైలేటర్ (రంధ్రాన్ని వెడల్పు చేసే గొట్టం) తోస్తే గుండె గోడ చిల్లుపడుతుంది. రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ మీద ఉన్న రోగికి గుండె చుట్టూ రక్తం చేరడానికి నిమిషాలు చాలు. డైలేటర్ మార్చిన ప్రతిసారీ తీగను రెండు సెంటీమీటర్లు ముందుకూ వెనక్కూ ఆడించి చూడాలి. సాఫీగా ఆడితే ముందుకు పోవచ్చు. పట్టేస్తే అక్కడ మడత పడింది, ఆగాలి. కొస కాలేయ సిరలోకి దూరడం ఇంకో తరహా తప్పు. అప్పుడు ప్రాణాపాయం వెంటనే ఉండదు గానీ పంపు తిప్పగానే గొట్టం గోడకు అతుక్కుని ప్రవాహం పడిపోతుంది.

ఎక్మో నడుస్తూండగా రెండో సెట్ పెట్టడంలో మూడు చిక్కులున్నాయి. పాత గొట్టాలు దారికి అడ్డం. వాటి కొసలను 5–6 సెంటీమీటర్లు కిందికి లాగి చోటివ్వాలి. లాగడమే తప్ప మళ్లీ లోపలికి తోయకూడదు, బయట ఉన్న భాగం స్టెరైల్ కాదు. రెండోది గాలి. కింద పంపు రక్తాన్ని లాగుతుండగా మెడ సిర తెరిస్తే గాలి లోపలికి పీల్చుకుపోవచ్చు. తల వాల్చి, డైలేటర్ తీసి కాన్యులా దూర్చే ఆ కొన్ని క్షణాలు పంపు వేగం తగ్గించి, గాయం మీద వేలు పెట్టి ఉంచాలి. మూడోది మార్చేటప్పటి విరామం. సర్క్యూట్ గొట్టాలను తొడ నుంచి మెడకు తిప్పేందుకు ముప్పై సెకన్ల నుంచి నిమిషం దాకా ప్రవాహం ఉండదు. ఈ రోగికి ఆ నిమిషమే ఎక్కువ. ముందే వెంటిలేటర్ ఆక్సిజన్ నూటికి పెంచి, క్లాంపులు నాలుగు వేసి, ఒకరు సెలైన్ ధారగా పోస్తూ ఉండగా ఇంకొకరు కనెక్టర్‌ను గొట్టంలోకి నెడతారు. ఒక్క బుడగ కనిపించినా విప్పి మళ్లీ కలపాలి. సెంట్రిఫ్యూగల్ పంపులో గాలి చేరితే రక్తాన్ని తోయలేక ఊరికే తిరుగుతుంది.

గొట్టం దిగాక ఎకోలో రంగు ధార సూటిగా కవాటంలోకి పోతున్నట్టు చూసి, అప్పుడు కుట్టాలి. చర్మం దగ్గర గొట్టం మీది అంకె 13 సెంటీమీటర్లు. పంపే కొమ్మ ఏ దిశగా చూస్తోందో గడియారం ముల్లు లెక్కన, ‘రెండు గంటల వైపు’ అని రాసుకున్నారు. మందపాటి సిల్క్‌తో నాలుగు చోట్ల కుట్టు, చెవి వెనకగా తిప్పి తలకు కట్టే పట్టీ. రక్తం నిండిన గొట్టం బరువు తల మోయాలి, కుట్లు మోయకూడదు. రెండు వారాల తరవాత కుట్లు చర్మాన్ని కోసుకుని వదులవుతాయి. తేదీ వేసుకుని ముందే కొత్తవి వేయడం తెలివి.

లైను ఎగిరింది

ఏడో రోజు రోగి నడక మొదలుపెట్టాడు. నడిపించడానికి కనీసం నలుగురు కావాలి: ఫిజియో, నర్సు, పంపు బండి తోసే పర్ఫ్యూజనిస్ట్, గొట్టం పట్టుకునే మనిషి. ఆ నాలుగో మనిషి వేరే పనేదీ పెట్టుకోకూడదు. “నేను చెప్పేదాకా లేవకండి సార్” అనే అధికారమూ ఆయనదే.

వరండాలో పదడుగులు వేశాక దగ్గు తెర వచ్చింది. లాగే గొట్టం పాములా ఎగిరెగిరి పడింది, ప్రవాహం 4 నుంచి 2.6కు, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 81కి పడింది. లాగే పీడనం మైనస్ 140. ప్రవాహం తగ్గిందని పంపు వేగం పెంచబోవడం ఎవరికైనా సహజం. అదే తప్పు. దగ్గులో ఛాతీ పీడనం పెరిగి సిర నలుగుతుంది. లాగేకొద్దీ గోడ రంధ్రాల మీదికి వచ్చి మూసుకుంటుంది. వేగం 3,300 నుంచి 2,900కు తగ్గించగానే ఎగరడం ఆగింది, ప్రవాహం 3.7కు తిరిగొచ్చింది. తక్కువ వేగంతో ఎక్కువ రక్తం! ఈ దృశ్యం ఒకసారి స్క్రీన్ మీద చూపిస్తే కొత్తగా చేరిన జూనియర్ కూడా మరచిపోరు. ఆ తరవాతే నీరు తక్కువైందేమో చూడాలి. ఈయనకు ముందు రోజు మూత్రానికి మందు ఎక్కువ పడింది, 250 మిల్లీలీటర్ల ద్రవంతో సర్దుకుంది. లాగే పీడనం మైనస్ 100 దాటి గంటల కొద్దీ ఉంటే ఎర్రకణాలు పగులుతాయి. ప్లాస్మాలో స్వేచ్ఛా హిమోగ్లోబిన్ డెసిలీటర్‌కు 50 మిల్లీగ్రాములు దాటితే సర్క్యూట్‌లో ఎక్కడో నొక్కుడు ఉన్నట్టే.

రెండు సెంటీమీటర్లు

పదకొండో రోజు సాయంత్రం సమస్య వేరే రూపంలో వచ్చింది. ప్రవాహం 4 లీటర్లు, పీడనాలన్నీ మామూలే, ఆక్సిజనేటర్ దాటిన రక్తం చెర్రీ ఎరుపు. రోగి సాచురేషన్ మాత్రం 92 నుంచి 84కు జారింది. రెండు గొట్టాలను పక్కపక్కన పెట్టి చూస్తేనే సంగతి తెలిసింది: లాగే గొట్టంలో ముదురుగా ఉండాల్సిన రక్తం కూడా ఎర్రగానే ఉంది. ఆక్సిజనేటర్‌కు ముందు సాచురేషన్ 65 ఉండేది, 82 అయింది.

పంపినదే తిరిగొస్తోంది. లెక్క ఇలా: ఆక్సిజనేటర్‌కు ముందున్న 82 నుంచి శరీరపు సిర రక్తం సాచురేషన్, సుమారు 60, తీసేస్తే 22. ఆక్సిజనేటర్ తరవాతి 100 నుంచి 60 తీసేస్తే 40. ఇరవై రెండును నలభైతో భాగిస్తే 55 శాతం. అంటే నాలుగు లీటర్లలో శరీరానికి ఉపయోగపడుతున్నది 1.8 లీటర్లే. ఎక్మో మీద అసలైన సిర సాచురేషన్ కొలవడం దాదాపు అసాధ్యం కనుక ఈ శాతాన్ని పట్టుకుని వాదించుకోనక్కరలేదు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూస్తే చాలు.

చర్మం దగ్గర అంకె 13 ఉండాల్సింది 15కు వచ్చింది. గొట్టం రెండు సెంటీమీటర్లు బయటికి జారింది, పంపే కొమ్మ నాలుగు గంటల వైపు తిరిగింది. స్నానం చేయించి పట్టీ మార్చినప్పుడు జరిగి ఉంటుంది. ఎకోలో ధార కవాటం బదులు కర్ణిక మధ్యగోడను కొట్టి తిరిగి పైకి లేస్తోంది. ఇక్కడ వేగం పెంచితే తిరిగొచ్చే భాగమే పెరుగుతుంది. బయటి భాగాన్ని పూర్తిగా స్టెరైల్ చేసి, కుట్లు తీసి, ఎకో చూస్తూ కొంచెం తిప్పారు. లోపలికి తోయడానికి ఒప్పుకోలేదు. తిప్పడంతోనే ఆక్సిజనేటర్‌కు ముందు సాచురేషన్ 68కి దిగింది. కొస ఇంకా కింది మహాసిరలోనే ఉంది కనుక సరిపోయింది. అప్పటి నుంచి అంకె, గడియారం దిశ ప్రతి షిఫ్టులో ఇద్దరు నర్సులు చూసి రాయాలన్న నియమం పెట్టారు.

ఆక్సిజనేటర్ మార్పు

దీని గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. పాలీమిథైల్‌పెంటీన్ బోలు దారాలతో చేసిన పొర, సుమారు 1.8 చదరపు మీటర్లు. పందొమ్మిదో రోజుకు పొరకు ముందూ వెనకా పీడనాల తేడా అదే ప్రవాహం దగ్గర 25 నుంచి 70కి పెరిగింది. నూరు శాతం గ్యాస్ మీద పొర దాటిన రక్తంలో ఆక్సిజన్ పీడనం 200 కంటే తక్కువ. టార్చి వేసి చూస్తే మూలల్లో నల్లటి మచ్చలు, కనెక్టర్ అంచుల దగ్గర తెల్లటి ఫైబ్రిన్ పోగులు. గడ్డలు ఏర్పడి కరుగుతున్నాయని చెప్పే డీ-డైమర్ రెండు రోజుల్లో ఎగబాకింది, గడ్డ కట్టించే ప్రొటీన్ ఫైబ్రినోజెన్ తగ్గింది. ఈ నాలుగూ కలిసినప్పుడు రేపటిదాకా ఆగకూడదు. పగలు, మనుషులున్నప్పుడు, మొత్తం సర్క్యూట్ మార్చారు, 45 సెకన్లు పట్టింది. కొత్త సర్క్యూట్ నింపిన సెలైన్ వల్ల హిమోగ్లోబిన్ ఒకటి పడుతుంది. ముందే ఒక యూనిట్ రక్తం సిద్ధంగా పెట్టుకోవాలి.

గొట్టం ఉన్న చోట రక్తం ఊరే సమస్య వారాలు గడిచేకొద్దీ పెరుగుతుంది. పంపు కోతకు, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే వాన్ విల్లీబ్రాండ్ ప్రొటీన్ పెద్ద అణువులు తెగిపోయి రక్తం గడ్డకట్టే గుణం తగ్గుతుంది. పరీక్షల్లో ఏపీటీటీ (రక్తం గడ్డకట్టే సమయం) బాగానే ఉండి ముక్కు నుంచి రక్తం కారడం ఇందువల్లే. ప్రవాహం 3 లీటర్ల పైన ఉంటే కొన్ని గంటలు, అవసరమైతే రోజు, హెపారిన్ ఆపేయొచ్చు. ఈయనకు ఇరవై రెండో రోజు 18 గంటలు ఆపారు.

కుడి జఠరిక చేతులెత్తేసినప్పుడు

ఇరవై ఆరో రోజు కాళ్ల వాపు, మూత్రం తగ్గడం, కేంద్ర సిర పీడనం 18. ఎకోలో కుడి జఠరిక ఎడమదాన్ని నొక్కేసి మధ్యగోడ చదునైంది. పుపుస ధమని (కుడి జఠరిక నుంచి ఊపిరితిత్తులకు పోయే నాళం) పీడనం 88. ఆక్సిజన్ మాత్రం బాగానే ఉంది. సిర నుంచి సిరకు కలిపిన ఎక్మో రక్తానికి ఆక్సిజన్ ఎక్కిస్తుంది, అంతే. గట్టిపడ్డ ఊపిరితిత్తుల గుండా ఆ రక్తాన్ని తోయాల్సిన బరువు మొత్తం ఇంకా కుడి జఠరికదే. ఇప్పుడు కావాల్సింది ఇంకో కలయిక.

మెడ నుంచి పుపుస ధమని దాకా పోయే రెండు దారుల గొట్టం ఒకటుంది, ప్రొటెక్‌డ్యుయో. జఠరికను దాటవేస్తుంది. అయితే రక్తాన్ని పోసేది అదే పీడనం ఉన్న గట్టి ఊపిరితిత్తుల్లోకి. జఠరిక బలహీనమై నాళాలు బాగున్నవాళ్లకు అది భేషైన పరికరం. నాళాలే మూసుకుపోయిన ఈయనకు 88 మీద ఇంకొంత తోస్తే ఊపిరితిత్తుల్లో రక్తస్రావం అవ్వొచ్చు. తొడ ధమని నుంచి పంపితే మళ్లీ మంచానికే పరిమితం. కాలికి వేరే సన్నగొట్టం వేయాలి, పైగా గుండెకూ మెదడుకూ చెడ్డ ఊపిరితిత్తుల రక్తమే చేరుతుంది.

మూడో దారి ఛాతీ తెరిచి పుపుస ధమని నుంచి ఎడమ కర్ణికకు, ఊపిరితిత్తులకు సమాంతరంగా, తక్కువ నిరోధం ఉన్న పొరను కలపడం. పంపు అక్కర్లేదు, కుడి జఠరికే తోస్తుంది, తేలికైన దారి దొరికేసరికి దాని పీడనం వెంటనే దిగుతుంది. టొరంటో జనరల్ ఆసుపత్రి దీన్ని ఎంత దూరం తీసుకెళ్లిందంటే, 2016 ఏప్రిల్‌లో సిస్టిక్ ఫైబ్రోసిస్‌తో సెప్సిస్‌లో ఉన్న ఒక యువతి రెండు ఊపిరితిత్తులనూ తీసేసి, పుపుస ధమనికీ ఎడమ కర్ణికకూ మధ్య నోవాలంగ్ అనే అలాంటి పొరను కలిపి, దానికి తోడు ఎక్మో నడిపి, ఆరు రోజుల తరవాత దాత ఊపిరితిత్తులు అమర్చారు. ఊపిరితిత్తులు లేకపోతే కుడి జఠరిక రక్తానికి పోయే చోటుండదు, ఎడమ గుండెకు వచ్చే రక్తముండదు. ఆ ఖాళీని భర్తీ చేసింది ఈ కలయికే. దీని బలహీనత కూడా అక్కడే ఉంది: మామూలుగా చిన్న గడ్డలనూ బుడగలనూ ఊపిరితిత్తులు వడకడతాయి, ఎడమ కర్ణికలోకి నేరుగా పోసే గొట్టానికి ఆ జల్లెడ లేదు. పొరలో పుట్టిన గడ్డ నేరుగా మెదడుకు పోతుంది.

ఈ రోగికి ఛాతీ ఇప్పుడే తెరిస్తే మార్పిడి రోజున అతుకులతో తంటా. అందుకని కుడి చంక ధమని ఎంచుకున్నారు. న్యూయార్క్‌లోని కొలంబియా బృందం మెడ నుంచి లాగి కాలర్ ఎముక కింది సబ్‌క్లేవియన్ ధమని వైపు పంపే ఇలాంటి పద్ధతికి ‘స్పోర్ట్ మోడల్’ అని పేరు పెట్టింది, రోగి నడవగలడు కనుక. కాలర్ ఎముక కింద కోత పెట్టి, ధమని పక్కన 8 మిల్లీమీటర్ల డాక్రాన్ గొట్టాన్ని 5-0 పాలీప్రొపిలీన్‌తో కుట్టి, వేరే రంధ్రం గుండా బయటికి తీశారు. ధమనిలోకి నేరుగా గొట్టం దూర్చకపోవడంవల్ల చేతికి రక్తం ఆగదు.

పంపే లైనును వై కనెక్టర్‌తో చీల్చి ఒక కొమ్మ మెడకు, ఒకటి చంకకు. చీల్చగానే రక్తమంతా తక్కువ పీడనం ఉన్న సిర వైపే పరుగెత్తింది: మెడకు 3.4, చంకకు 0.7. సిర కొమ్మ మీద మరబిగింపు క్లాంపు నెమ్మదిగా బిగిస్తూ, రెండు కొమ్మలకూ విడివిడిగా ఫ్లో ప్రోబు పెట్టి, 1.9, 2.2 దగ్గర నిలిపారు. ఏ కొమ్మలోనూ లీటరు కంటే తగ్గనివ్వకూడదు, మందంగా కదిలే కొమ్మలోనే గడ్డ పుడుతుంది. కేంద్ర సిర పీడనం మర్నాటికి 11.

రక్తపోటు లైను కుడి చేతిలో ఉంటే ఇక నమ్మకూడదు. పంపు నేరుగా తోస్తున్న చేయి కనుక ఎక్కువ చూపిస్తుంది, గ్యాస్ రిపోర్టూ అబద్ధపు అందంతో వస్తుంది. రెండూ ఎడమ మణికట్టు నుంచే. ఈ మార్పు చేసిన మూడో రోజు కుడి చేయి ఉబ్బింది, వేళ్లు వెచ్చగా ఎర్రగా ఉన్నాయి. రక్తం ఆగి కాదు, ఎక్కువై. చంక కొమ్మను 1.8కి తగ్గించి, చేయి దిండు మీద ఎత్తిపెడితే రెండు రోజుల్లో దిగింది. దిగకపోతే కుట్టుకు అవతల ధమని చుట్టూ వదులుగా వేసి ఉంచిన టేపును కొంచెం బిగించాలి. ఆ టేపును ఆపరేషన్‌లోనే వేసి ఉంచాలి, తరవాత వేయలేం.

తీయడం

ముప్పై ఎనిమిదో రోజు దాత దొరికారు. ఆపరేషన్ మొత్తం ఇదే సర్క్యూట్ మీద చేసి, కొత్త ఊపిరితిత్తులు కుదురుకునేదాకా రెండు రోజులు ఉంచారు. ముందు చంక కొమ్మ ఆపి, డాక్రాన్‌ను ధమనికి దగ్గరగా కత్తిరించి కుట్టేశారు. నలభయ్యో రోజున మెడ గొట్టం తీశారు: హెపారిన్ గంట ముందు ఆపి, గాయం చుట్టూ కుట్టు ముందే వేసి, తల వాల్చి, వెంటిలేటర్‌ను ఊపిరి నింపిన దశలో ఆపి ఉంచి, ఒక్క లాగుడులో. 9 మిల్లీమీటర్ల రంధ్రం అది, ఆ క్షణంలో రోగి లోపలికి ఊపిరి పీలిస్తే గాలీ పోతుంది. ముప్పై నిమిషాలు చేత్తో ఒత్తి పట్టారు.

మర్నాడు అల్ట్రాసౌండ్‌లో కుడి జ్యుగ్యులర్‌లో నాలుగు సెంటీమీటర్ల గడ్డ కనిపించింది, గొట్టం చుట్టూ తొడుగులా ఏర్పడి అది తీశాక అక్కడే ఉండిపోయింది. రెండు తొడ సిరలూ శుభ్రం. ఆపరేషన్ గాయాల ఊట తగ్గిన మూడో రోజు నుంచి హెపారిన్, తరవాత మూడు నెలలు మాత్రలు. ఛాతీ డ్రెయిన్లు ఇంకా ఉన్నందున మొదటి వారం మోతాదు కింది అంచులోనే ఉంచారు. కేస్ షీటు మొదటి పేజీలో ఈసారి ఒక వాక్యం చేర్చారు: కుడి జ్యుగ్యులర్‌లో గడ్డ ఉంది, ఇకపై లైన్లు ఇక్కడ వేయొద్దు.